ఊరి పేరే తొలి పాఠము

(ఉప్పునుంతల పౌరుల యెదుట చేసిన ప్రసంగ పాఠము)



బిడ్డకు చదువు చెప్పుట బడిపంతులు పని యని మనలో పెక్కుమంది నమ్మకము. ఊరూర బడి వెలసిన పిమ్మట ఆ బరువు ఇంటిమీదనుండి దిగిపోయినదని మన సంతోషము. మేము మనవి చేయబోవునది ఈ నమ్మకమునకు కొంత యెదురుగా నుండును. బడి యెంత మంచిదైనను, అక్షరములతో బిడ్డకు తొలి పరిచయము ఇంటిలోనే కలుగవలెననియు, అందులకు తల్లిదండ్రులు పండితులు కానక్కరలేదనియు, ఇంటిలో నిత్యము వినబడు మాటలతో మొదలైన చదువే కడదాక నిలుచుననియు మా యభిప్రాయము. ఈ మూడు మాటలను నిరూపించుటకే యీ ప్రసంగము.

మన సీమకు ఇంటి చదువు క్రొత్త కాదు. నిజాము పాలనలో రాజభాష ఉర్దూ. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనాభాషయు ఉర్దూయే. తల్లిభాషలో నాలుగు పంక్తులు చదువగోరు తెలుగు బిడ్డకు ఇల్లో, వీధిబడియో దిక్కు. తెలంగాణమున కవులు లేరను మాట పుట్టినపుడు, గద్వాల ప్రాంతమున జన్మించిన సురవరము ప్రతాపరెడ్డిగారు ఏమి చేసిరో మీరెఱుగుదురు. 1926లో గోలకొండ పత్రికను నెలకొల్పిన ఆ మహాశయుడే 1934లో 354 మంది కవుల రచనలు కూర్చి గోలకొండ కవుల సంచికను వెలువరించెను. రాజాదరణము లేని కాలమున అంతమంది తెలుగును చేజార్చుకొనక నిలుపుకొనిరన్నచో, ఆ ఘనతలో ఇంటి అరుగునకును, వీధిబడి యిసుకకును పెద్ద పాలు కలదు.

ఇప్పటి స్థితి యేమి? 2011 జనాభా లెక్కలనాడు ఉప్పునుంతల మహబూబ్‌నగర్ జిల్లాలోనిది. 2016నుండి నాగర్‌కర్నూల్ జిల్లాలోనిది. ఆ 2011 లెక్కలలో నాటి ఆంధ్రప్రదేశమునందలి 23 జిల్లాలలోను అక్షరాస్యతయందు కడపటిది మన పాలమూరే. రాష్ట్రమున నూటికి సుమారు 67 మంది చదువుకొన్నవారు కాగా, మన జిల్లాలో సుమారు 55 మంది. స్త్రీలలోనైతే సగము మందికిని అక్షరములు రావు. నాటి ఆ స్త్రీలే నేటి తల్లులు, అవ్వలు. ఈ మాట మనకు సిగ్గు కలిగించుటకు చెప్పలేదు. ఇంటి చదువును గూర్చి మాటలాడువాడు ఎట్టి యింటిని గూర్చి మాటలాడుచున్నాడో ముందుగా తెలిసికొనవలెనుగదా!

బడికి పోవుచున్న బిడ్డలందఱికిని చదువ వచ్చుచున్నదా యను ప్రశ్న వేఱొకటి కలదు. ప్రథమ్ అను సంస్థ 2005నుండి అసర్ అను పేర నొక పరిశీలన నడపుచున్నది. ఆ కార్యకర్తలు బడికి గాక పల్లెలలోని యిండ్లకే పోయి, బిడ్డ చేతికి ఒక చిన్న పాఠమునిచ్చి చదివించి చూతురు. 2024లో దేశముమీద అయిదవ తరగతి బిడ్డలలో రెండవ తరగతి పాఠమును చదువగలిగినవారు సగమునకు కొంచెము తక్కువగా తేలిరి. అనగా బడి మెట్లెక్కుట వేఱు, చదువు వచ్చుట వేఱు. తెలంగాణ ప్రభుత్వము 2022లో ‘తొలిమెట్టు’ అను కార్యక్రమమును ఆరంభించినదియు ఈ కొఱతను తీర్చుటకే.

ఇంకొక మార్పును గూడ మీరు చూచుచున్నారు. 2022-23 విద్యా సంవత్సరమునుండి మన ప్రభుత్వ పాఠశాలలలో ఆంగ్ల మాధ్యమము ప్రవేశించినది. పుస్తకమున ఒక పుట తెలుగు, దాని యెదుటి పుట ఆంగ్లము. 2018 నాటి చట్టమువలన తెలుగు తప్పనిసరి పాఠ్యాంశమైనది, అది మేలే. కాని బిడ్డ ఒక్కసారిగా రెండు లిపులను మోయవలసి వచ్చినది. ఆంగ్లము వలదని మేమనుట లేదు. బ్రతుకుదెరువునకు అది కావలెనని కోరు తండ్రి కోరికను తప్పుపట్టుటకు మేమెవరము? మేము చెప్పునది యిది: చదువుట యనగా గీతలలో మాటను వినుట. ఆ విద్య ఒక్క భాషలో పట్టువడినచో రెండవ భాషకు దారి సుగమమగును. ఆ మొదటి భాష బిడ్డ చెవికి ముందే తెలిసినదై యుండవలెను. తెలియని భాషలో తెలియని గీతలను చూచు బిడ్డకు రెండు చీకట్లు ఒక్కసారి క్రమ్మును.

తెలుగు లిపికి ఒక గొప్ప గుణము కలదు. వ్రాసినది వ్రాసినట్లు పలుకుదుము. ‘క’ అను అక్షరము పేరు ‘క’యే, పలుకుబడియు ‘క’యే. ఆంగ్లములో అక్షరము పేరొకటి, మాటలో దాని ధ్వని యొకటి. మన బిడ్డ ‘త’ను, ‘ల’ను గుర్తించిననాడే ‘తల’ యను మాట చదివినవాడగును. కాని మన లిపికి బరువును కలదు. 36 హల్లులకు 16 చొప్పున గుణింతములు వల్లించినచో 576 రూపములు, వానిపైన వత్తులు. మన లిపికి తోబుట్టువైన కన్నడ లిపిని నేర్చుకొను బాలబాలికలను సోనాలీ నాగ్‌గారు పరిశీలించి 2007లో ప్రకటించిన వ్యాసమున, అక్షరములు పూర్తిగా వశమగుట నాలుగవ తరగతి వఱకును సాగుచున్నదని చూపిరి. కాబట్టి ఒకటవ తరగతిలోనే అంతయు రాలేదని బిడ్డపై కసరుట అన్యాయము. లిపి పెద్దది, దారి పొడవు, తొందర కూడదు.

ఇక పద్ధతికి వత్తము. మన పూర్వులు బిడ్డచేత ఓనమాలు దిద్దించుటకు ఇసుకను వాడిరి. 1823లో బళ్లారి కలెక్టరు కాంబెల్ దొర తన జిల్లాలోని 533 బడులను గూర్చి పై యధికారులకు నివేదిక వ్రాసెను. ఈయన 1816లో తెలుగు వ్యాకరణమును అచ్చువేసిన పండితుడు. అయిదవ యేట బడిలో చేరిన బిడ్డలు ఇసుకలో వ్రేలితో వ్రాయుచు అక్షరములు నేర్చుటను, పెద్ద విద్యార్థులు చిన్నవారికి చెప్పుటను ఆయన మెచ్చుకొనెను. అంతకు ముందే చెన్నపట్టణమున 1789లో అనాథ బాలుర పాఠశాలను చేపట్టిన ఆండ్రూ బెల్ అను నాతడు మన దేశపు బడిలో ఇసుక వ్రాతను చూచి, దానిని తన బడిలో ప్రవేశపెట్టి, ఆ సంగతిని 1797లో లండనులో అచ్చువేయించెను. పెద్దబిడ్డ చిన్నబిడ్డకు నేర్పు ఆ విధానమును ఇంగ్లండులో మద్రాసు పద్ధతి యనిరి. వ్రేలికి తెలిసిన రూపమును కన్ను మఱువదను సత్యము మన వీధిబడికి నాడే తెలియును.

అయితే ఆ కాంబెల్ దొరయే ఒక లోపమును గూడ చూపెను. ఆ బడులలో చదివించు గ్రంథములు పద్యభాషలో నుండెననియు, అది బిడ్డలు మాటలాడు భాషకు దూరమగుటచే వారు అర్థమెఱుగకయే చిలుకలవలె వల్లించుచుండిరనియు ఆయన వ్రాసెను. ఈ ఆక్షేపణ నిజమే. గిడుగు రామమూర్తి పంతులుగారు బడి పుస్తకములలో వాడుకభాష కావలెనని జీవితమంతయు పోరాడుటకు మూలమును ఇదియే. కాబట్టి పూర్వుల ఇసుకను స్వీకరింతము. అర్థములేని వల్లెను విడుతము. నేడైనను మనము చేయుచున్నదేమి? అక్షరాభ్యాసమునాడు పళ్లెములో బియ్యము పోసి, బిడ్డ వ్రేలు పట్టి దిద్దింతుము. మఱునాటినుండి ఆ వ్రేలు మఱల పట్టువారు లేరు. పట్టినను, ‘అ’ మొదలు ‘ఱ’ వఱకు పాటవలె పాడింతురు. బిడ్డ పాడును, నడుమనున్న ఒక అక్షరమును చూపి యేమని అడిగినచో, మొదటినుండి పాడుకొని వచ్చినగాని చెప్పలేదు. అది కంఠస్థము, చదువు కాదు.

మఱి దేనితో మొదలుపెట్టవలెను? మీ ఊరి పేరుతో మొదలుపెట్టుడు! ‘ఉప్పునుంతల’ యని పెద్ద అక్షరములతో గోడమీద సుద్దతో వ్రాయుడు. బిడ్డకు అది యెన్నిసార్లో విన్న మాట; బస్సు పలకమీద, దుకాణపు బోర్డుమీద కన్న బొమ్మ. మొదట దానిని ఒక్క బొమ్మగానే గుర్తింపనిండు. కొన్ని దినముల తరువాత ముందరి భాగమును అరచేతితో మూయుడు, మిగిలినది ‘తల’. తన తలనే తాకి చూపుమనుడు. మఱల వెనుకటి భాగమును మూయుడు, మిగిలినది ‘ఉప్పు’. వంటయింటిలోని ఉప్పు డబ్బాపై ఆ మాటనే వ్రాసి అంటింపుడు. ఒక్క పేరులో ముందు ఉప్పు, వెనుక తల! గీతలలో మాట దాగియుండునను రహస్యము ఆనాడు బిడ్డకు తెలిసిపోవును. పిదప విడదీసి చూపుడు: ‘ఉ’ అచ్చు, ‘ప్పు’లో క్రింద వత్తు, ప్రక్కన కొమ్ము, ‘నుం’లో కొమ్మును, సున్నయు, ‘త’ తలకట్టుతోను, ‘ల’ తలకట్టు లేకయు నున్న వట్టి అక్షరములు. అయిదక్షరముల పేరులో తెలుగు లిపి పోకడ యంతయు ఇమిడియున్నది. ఇట్టి బాలశిక్ష వేఱు పల్లెలలోను దొరకకపోదు. ఆ యా ఊరివారు తమ పేరును విప్పి చూచుకొనవచ్చును.

రెండవ మెట్టు గుణింతము లేని మాటలు. అ, క, గ, డ, త, ప, ర, ల, వ — ఈ తొమ్మిది అక్షరములను తీసికొనుడు. వీనితో అరక, కడవ, గడప, తడక, పలక, తల, తలగడ, పడవ, పడగ, కలప, కల, అల, వల, వడ యని 14 మాటలు వచ్చును. వీనిలో పెక్కు మన యింటిలోనివి. అరక వాకిట నున్నది. కడవ నీళ్లతో నున్నది. గడప కాలిక్రింద నున్నది. వస్తువును ముట్టి మాట చదివిన బిడ్డకు బొమ్మల పుస్తకము లేని కొఱత తెలియదు. వారమునకు రెండు మూడక్షరములు చాలును. ‘ప’, ‘వ’ చూపునకు దగ్గఱ. ‘వ’, ‘మ’ మఱింత దగ్గఱ. ‘డ’, ‘ద’ అట్టివే. ఇట్టి జంటలను ఒకేనాడు చెప్పక, ఒకటి గట్టిపడిన పిమ్మట రెండవదానిని చూపి, తేడా యెక్కడనో బిడ్డచేతనే చెప్పింపవలెను.

మూడవ మెట్టు గుణింతము. పదునాఱు రూపములను ఒక్క ఊపున వల్లింపక, ఒక్కొక్క గుర్తును ఒక్కొక్క వారము చెప్పుట మేలు. దీర్ఘము వచ్చిననాడు తాత, పాప, కాకర. గుడి వచ్చిననాడు వరి, గిలక, పిలక. కొమ్ము వచ్చిననాడు కాలు, పాలు, తలుపు, పలుగు. ఒక గుర్తు చేరగానే పాత అక్షరములన్నియు క్రొత్త మాటలకు అక్కఱకు వచ్చును. బిడ్డకు ఉత్సాహము పెరుగును. నాలుగవ మెట్టు వత్తులు. వీనిలో అదే హల్లు క్రిందికి వచ్చు మాటలు ముందు: అమ్మ, అవ్వ, అక్క, అన్న, అయ్య. బిడ్డకు మిక్కిలి ప్రియమైన పిలుపులలోనే వత్తులుండుట మన భాగ్యము. జొన్నరొట్టె, పల్లికాయ, చెట్టు, గొడ్డలి — ఇవి తరువాత వచ్చును. ఇట్లు నడచిన బిడ్డ యొకనాడు బస్సుమీద ‘అచ్చంపేట’ యను మాటను తనంతట చదివి మీవైపు చూచును. ఆ చూపే మీకు బహుమానము.

దినమునకు కాలుగంట చాలును. కాని ఆ కాలుగంట తప్పరాదు. ఒకనాడు రెండు గంటలు కూర్చుండబెట్టి వారము దినములు మానుట కంటె, ప్రతి రాత్రియు అన్నమైన పిమ్మట కొంచెము చెప్పుటయే మేలు. ఆ కాలుగంటలో ఫోను వెలుగరాదు, చేయి లేవరాదు. దెబ్బకు భయపడిన బిడ్డ అక్షరమును చూడక మీ ముఖమును చూచును. తప్పు చదివినపుడు సరియైన మాటను మెల్లగా మీరే చదివి ముందుకు సాగుడు. ఏడెనిమిదేండ్లు వచ్చినను అక్షరములు కుదురుకొననిచో మొద్దు అను బిరుదు తగిలింపక, ముందుగా కన్నులను, చెవులను వైద్యునికి చూపుడు. తెలివి నిండుగా నుండియు అక్షరములు మాత్రమే తడబడు బిడ్డలు కొందఱుందురు. దానికి డిస్లెక్సియా యని పేరు. వారికి కావలసినది మఱింత ఓపిక. మఱింత తిట్టు కాదు.

ఇప్పుడు మా ముందున్న తల్లులు కొందఱు లోలోపల అనుకొనుచుందురు: ‘మాకే అక్షరము రాదు, మేమేమి చెప్పగలము?’ ఈ ప్రశ్నకు బదులు లేనిచో మా ప్రసంగమంతయు చదువుకొన్నవారి యిండ్లకే పరిమితమగును. చదువులో సగము చెవి పని. చదువురాని తల్లియు ఆ సగమును పూర్తిగా చేయగలదు. మన పల్లెలలో శాత్రములని చెప్పుకొను కథలు, పొడుపుకథలు, సామెతలు, పాటలు — వీనిని విన్న బిడ్డకు మాటల సొమ్ము పెరుగును. మాట యెఱిగిన బిడ్డకే చదివినది అర్థమగును. ‘కడవ, కలప, కల — వీని మొదటి చప్పుడు ఒక్కటేనా?’ యని అడుగుటకు అక్షరజ్ఞానము అక్కరలేదు. ఆటవలె రొట్టె కాల్చుచునే అడుగవచ్చును. బడినుండి వచ్చిన బిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, పంక్తి క్రింద వ్రేలుంచి చదువుమని, వినుచు, ‘తరువాత ఏమైనది?’ యని అడుగవచ్చును. వినువారున్నపుడే చదువరి పుట్టును. ఇంటిలో బడికి పోవు అక్క యున్నచో ఆమెయే చిన్నవానికి గురువు. చెప్పినకొలదియు ఆమె చదువును గట్టిపడును. బిడ్డతోపాటు తల్లియు ‘ఉప్పు’, ‘తల’ యని పోల్చుకొన్నచో ఆమెకు తప్పిపోయిన చదువు గూడ ఇంటికి తిరిగివచ్చును. అందులకు ఏ వయస్సును మించిపోలేదు.

మన సీమలో మఱియొక కష్టము కలదు. పాలమూరు కూలీలు దేశమున నలుమూలల కట్టలు పోసిరి, కాలువలు త్రవ్విరి. కుటుంబము మూట గట్టుకొని పోవునపుడు బిడ్డ బడియు నడుమనే తెగిపోవును. బడి వెంట రాదు; ఇంటి చదువు వెంట వచ్చును. ఒక పలక, రెండు బలపములు, కాలుగంట — ఇవి మూటలో బరువు కావు. పలక పగిలినను ఇసుక ప్రతి పనిచోటను కలదు. తిరిగి ఊరికి వచ్చినపుడు ఆ బిడ్డ చదువు తెగిన చోటనే నిలిచియుండును, వెనుకకు పోదు.

మన చుట్టుప్రక్కల తండాలలో ఇంటి భాష లంబాడీ. ఆ బిడ్డకు ‘ఇంటి మాటతో మొదలుపెట్టుము’ అన్నచో అది తెలుగు మాట కానేరదు. దీనికిని దారి కలదు. గిడుగువారే పర్లాకిమిడి ప్రాంతమున సవర బిడ్డల కొఱకు సవరభాషను నేర్చి, వారి భాషలోనే పాఠములు వ్రాసిరి. అట్లే తండాలోని తల్లి పలుకు మాటలను, బిడ్డ పేరును, తండా పేరును తెలుగక్షరములలో వ్రాసి చూపవచ్చును. తన మాట గోడమీద కనబడిన బిడ్డకు అక్షరము పరాయిది కాదు. పిమ్మట తెలుగు మాటయు దగ్గఱకు వచ్చును.

తుదకు పఠనమందిరములకు వచ్చు చదువుకొన్న పురుషులకు ఒక్క మనవి. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయము వెలసినది మొదలు తెలంగాణమున గ్రంథాలయమనగా వార్తాపత్రిక చదివి పోవు చావడి మాత్రమే కాదు. భాషను కాపాడిన కోట. కాని నేటి మన పఠనమందిరములలో చిన్నబిడ్డ చేతికందు ఎత్తున ఎన్ని పుస్తకములున్నవి? ఒక క్రింది అఱను బిడ్డలకు విడువుడు. వారమునకొక సాయంకాలము ఎవరైన ఒకరు కథ బిగ్గరగా చదువుడు. చదువురాని తల్లులను గూడ ఆహ్వానింపుడు. రాజకీయములను గంటలకొలది చర్చించు మనము ఇంటికి పోయి కాలుగంట బిడ్డ ప్రక్కన కూర్చుండుట కష్టము కాదు. ఈ పనిని స్త్రీలదని త్రోసివేయు తండ్రికి, వారిలో సగము మందికి చదువు దక్కనీయని తరములలో తానును ఒకడని జ్ఞాపకముండవలెను.

మహాశయులారా! బడులు ప్రభుత్వము కట్టవలెను, ఉపాధ్యాయులను ప్రభుత్వము నియమింపవలెను. ఆ హక్కును మనము ఎన్నడును విడువరాదు. బడి కొఱతలకు ఇంటి చదువు సాకు కారాదు. కాని ప్రభుత్వము చేయలేని పని యొకటి కలదు. రాత్రి అన్నమైన పిమ్మట బిడ్డ ప్రక్కన కూర్చుండి, వాని వ్రేలిని తన వ్రేలితో పట్టి, ‘ఇది ఏమి?’ యని అడుగుటకు ఏ ప్రభుత్వమును మనిషిని పంపజాలదు. ఆ మనిషి మీ యింటిలోనే యున్నాడు. సుద్దముక్క యొకటి సంపాదింపుడు; గోడమీద ఊరి పేరు వ్రాయుడు. వ్రాయుట రానివారు వచ్చినవారిచేత వ్రాయించుకొనుడు. రేపటికి వాయిదా వేయవలదు.